పాత కారు - మీ ప్రశ్న: ఏసీ పంపు మార్చే ముందు

ఎండలు ముదిరాయి. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అంబాసిడర్లు, పద్మినీలదే సింహభాగం. ఫిర్యాదు కూడా దాదాపు ఒక్కటే: బండి స్టార్ట్ కావట్లేదు, షెడ్డులో ఏసీ పంపు మార్చమంటున్నారు. ఏసీ పంపు అంటే చల్లగాలి ఏసీది కాదు, ఇంజన్ బ్లాకుకు బిగించి ఉండే పెట్రోలు పంపు. అది నిజంగా పాడయ్యే సందర్భాలు ఉన్నాయి. కానీ దాని మీద పడే నిందల్లో చాలావరకు వేరేవాళ్లవి. కొత్త పంపు డబ్బా విప్పే ముందు రెండే చూసుకోండి. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోందా? తిరుగుతుంటే ప్లగ్గుకు కరెంటు వస్తోందా? పంపు సంగతి ఈ రెండూ తేలాకే.

మాది 1986 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్. తాళం తిప్పితే 'టక్' మని ఊరుకుంటుంది. మూడు నాలుగుసార్లు తిప్పితే ఒక్కోసారి తిరుగుతుంది. బ్యాటరీ కొత్తది. సెల్ఫ్ మోటారు రీవైండింగ్ చేయించాలంటున్నారు, చేయించమంటారా?
*- ఒక పాఠకుడు, మిర్యాలగూడ*

ఇప్పుడే వద్దు. ముందు హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా ఆరిపోయినంత పని అయితే కరెంటు ఎక్కడో అడ్డుపడుతోంది, లేదా సెల్ఫ్ పళ్లు ఫ్లైవీల్ రింగులో ఇరుక్కున్నాయి. లైట్లు ఏమాత్రం తగ్గకపోతే కరెంటు మోటారు దాకా వెళ్లడమే లేదు. అప్పుడు సోలినాయిడ్ (తాళం తిప్పగానే సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్), తాళం స్విచ్, వాటి మధ్య వైరు చూడాలి.

తర్వాత మల్టీమీటరు. దాన్ని 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. ఇంజన్ అంటుకోకుండా కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న వైరు తీసేయండి. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు ఈ కొలతలు తీయాలి.

బ్యాటరీ రెండు పోస్టుల మధ్య: ఏమీ వాడనప్పుడు 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం, 12కు దిగితే ఖాళీ కింద లెక్క. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. కొత్త బ్యాటరీ అయినంత మాత్రాన నిండా చార్జ్ అయి ఉందని కాదు. మీ బండికి ఇంకా డైనమోనే ఉండి, ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిరుగుతుంటే అది ఎప్పటికీ నిండదు. డైనమో ఐడ్లింగ్‌లో చార్జ్ చేయదు.

బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు మీది లావు నట్టు దాకా: కొట్టేటప్పుడు 0.5 వోల్టు దాటకూడదు. మీటరు పిన్ను క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే ఆనించండి. క్లాంపుకూ పోస్టుకూ మధ్య తెల్లగా పట్టిన పొరే దొంగ కావచ్చు.

బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి ఇంజన్ బ్లాకు మీద రంగులేని చోటికి: 0.3 లోపు ఉండాలి. మీ ఉత్తరం చదివితే అనుమానం ఇక్కడే. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి ఎర్త్ అందాలంటే ఇంజనుకు గానీ గేర్‌బాక్సుకు గానీ ఛాసిస్ నుంచి జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి ఉండాలి. క్లచ్చు పని చేసినప్పుడు దాన్ని విప్పి, తిరిగి బిగించకుండా వదిలేసిన బండ్లు బోలెడు. అలాంటప్పుడు కరెంటు చోక్ కేబులు మీదుగా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ లేదా యాక్సిలరేటర్ కేబులు తాకి చూడండి. వేడిగా ఉంటే రోగం దొరికినట్టే. జంపర్ వైరుతో బ్యాటరీ మైనస్‌ను నేరుగా బ్లాకుకు కలిపి కొట్టండి. గిర్రున తిరిగిందంటే కొత్త పట్టీ వేస్తే సరిపోతుంది, రీవైండింగ్ డబ్బులు మిగిలినట్టే.

కొలతలన్నీ సరిగా ఉండి కూడా 'టక్' మనే ఆగితే ఇరుక్కుపోవడమే. తాళం తీసేసి, టాప్ గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. లూకాస్ సెల్ఫ్ మోటార్లకు చాలావాటికి వెనక మూత కింద షాఫ్టు చివర నలుపలకగా ఉంటుంది. పానాతో దాన్ని తిప్పినా పళ్లు విడిపోతాయి. ఇది పదేపదే జరుగుతుంటే మోటారు విప్పి బెండిక్స్‌ను (సెల్ఫ్ పళ్లను ఫ్లైవీల్ రింగులోకి తోసే భాగాన్ని) గ్యాస్‌నూనెతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించండి. దానికి నూనె గానీ గ్రీజు గానీ పెట్టకూడదు. క్లచ్చు పొడి అంటుకుని వారంలో మళ్లీ ఇరుక్కుంటుంది. పనిలో పనిగా రింగు పళ్లూ చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగిన ప్రతిసారీ దాదాపు రెండే చోట్ల ఆగుతుంది. అందుకే రింగు కూడా ఎదురెదురుగా ఆ రెండు చోట్లే అరుగుతుంది.

1989 పద్మిని. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు పోతూ మాల్ అనే ఊరి దగ్గర చాయ్‌కి ఆపితే, పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాదు. ముప్పావుగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. పొద్దున ఇబ్బందే లేదు. పంపు మార్చాం, ఫలితం లేదు.
*- ఒక పాఠకురాలు, దేవరకొండ*

వేడి మీద మొండికేసే బండికి కారణాలు మూడు. పెట్రోలు పైపులో ఆవిరి పట్టడం ఒకటి, కార్బొరేటర్ పొంగిపోవడం ఒకటి, కాయిల్ లేదా కండెన్సర్ వేడికి చచ్చుబడటం ఇంకొకటి. మూడూ ముప్పావుగంటలో వాటంతట అవే నయమవుతాయి కాబట్టి షెడ్డుకు చేరేసరికి ఆనవాలు ఉండదు. పరీక్ష మాల్‌లోనే, బండి మొరాయిస్తున్నప్పుడే జరగాలి. అయిదు నిమిషాలు చాలు.

ముందు కరెంటు. డిస్ట్రిబ్యూటర్ మూత నడుమ నుంచి కాయిల్ లావు వైరు పీకి, రబ్బరు పిడి పకడుతో పట్టుకుని, బ్లాకుకు 6 మి.మీ. దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. చుట్టూ పెట్రోలు కారిన తడి గానీ ఘాటు వాసన గానీ ఉంటే ఈ పరీక్ష చేయొద్దు. నీలంగా చిటచిట కొట్టిందంటే కరెంటు బాగుంది. పసుపుగా, బలహీనంగా ఉంటే, లేదా అసలు లేకపోతే పంపు జోలికి వెళ్లొద్దు, కాయిల్, కండెన్సర్ చూడండి. ఈ రెండూ వేడెక్కితేనే దొరుకుతాయి. చల్లబడ్డాక మీటరు పెడితే అమాయకంగా కనిపిస్తాయి. బ్యాలస్ట్ (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే రెసిస్టర్) లేని మామూలు 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ సుమారు 3 ఓములు చూపాలి. కండెన్సర్ ఖరీదు తక్కువ. దాన్ని కొలుస్తూ కూర్చోవడం కన్నా, పనిచేస్తుందని తెలిసినది ఒకటి వేసి చూడటం మేలు.

కరెంటు ఉంటే ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లీవరును చేత్తో లాగండి. సన్నటి పిచికారీ కనిపిస్తే చాంబర్‌లో పెట్రోలు ఉంది. గొంతు గోడలు తడిగా, వాసన ఘాటుగా ఉంటే పొంగింది. బండి ఆపగానే ఇంజన్ వేడి మీదికెక్కి చాంబర్‌లోని పెట్రోలును మరిగించి లోపలికి ఒలకబోస్తుంది. అప్పుడు చోక్ ముట్టుకోకుండా, యాక్సిలరేటర్‌ను నేల దాకా తొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. తొక్కుతూ వదులుతూ ఉంటే ఇంకా పొంగుతుంది.

పిచికారీ రాలేదు, గొంతు ఎండి ఉంది అంటే ఆవిరి పట్టినట్టే. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలవుతాయి. మే నెలలో మీ రోడ్డు మీద గాలే అంతకంటే వేడి. పైగా ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో పంపు పీలుస్తూ ఉంటుంది. పీల్చే చోట ఒత్తిడి తక్కువ, అందుకే అక్కడ ఇంకా త్వరగా మరుగుతుంది. పంపు ఆవిరిని పీలుస్తుంది, ఆవిరినే తోస్తుంది, కార్బొరేటర్‌కు చుక్క చేరదు. కొత్త పంపు వేసినా అది కూడా ఆవిరినే తోస్తుంది కదా.

అక్కడికక్కడ బోనెట్ తెరిచి, తడిగుడ్డను పంపు మీదా దానికి వచ్చే పైపు మీదా చుట్టండి. వేడిగా ఉన్న సైలెన్సర్ మేనిఫోల్డు మీద నీళ్లు పోయకండి, పగులుతుంది. పంపు గాజు గిన్నె మీద చల్లటి నీళ్లూ వద్దు. తర్వాత పంపు కింద చేత్తో కొట్టే చిన్న లీవరు ఉంటే పదిహేను ఇరవైసార్లు కొట్టండి. లీవరు బరువు లేకుండా వదులుగా ఆడితే పంపు చెడిపోయిందని కాదు. కామ్ షాఫ్టు గుబ్బ మీద పంపు చేయి ఆగి ఉంది, అంతే. ఇంజన్‌ను ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి.

శాశ్వత మందు ఏమిటంటే, పైపును మేనిఫోల్డు నుంచి కనీసం 5 సెం.మీ. ఎడంగా జరిపి వేడి తట్టే తొడుగు వేయించడం, పంపుకూ మేనిఫోల్డుకూ మధ్య రేకు అడ్డం పెట్టడం. పంపుకూ బ్లాకుకూ మధ్య ఉండే నల్లటి మందపాటి ప్యాకింగ్ ఉందో లేదో చూడండి. పంపు మార్చినప్పుడు దాన్ని పారేసి వట్టి కాగితం గ్యాస్కెట్ వేసి ఉంటే బ్లాకు వేడంతా నేరుగా పంపులోకి దిగుతుంది, పైగా పంపు చేయి కదిలే దూరం కూడా మారిపోతుంది. టైమింగ్ వెనక్కి జారి ఉన్నా, ఫ్యాన్ బెల్టు వదులైనా బోనెట్ కింద వేడి పెరుగుతుంది.

అంబాసిడర్, 1500 ఇంజన్. వనపర్తి నుంచి బయల్దేరి పదిహేను కిలోమీటర్లు పోయాక 60 వేగంలో గుంజుకుంటూ ఆగిపోతుంది. రెండు నిమిషాలు ఆగితే మళ్లీ పోతుంది. మూడు ఏసీ పంపులు మార్చారు.
*- ఒక పాఠకుడు, వనపర్తి*

లెక్క వేసి చూడండి. 60 వేగంలో, లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 5 లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి 83 మి.లీ. బాగున్న ఏసీ పంపు ఐడ్లింగ్‌లోనే అరనిమిషంలో దాదాపు పావు లీటరు పోస్తుంది. ఒకటి లోపమున్నది రావచ్చు, మూడూ ఎందుకు వస్తాయి? అడ్డం పంపు వెనకాల ఉంది.

ఈసారి ఆగిపోగానే డిక్కీ దగ్గరికి వెళ్లి ట్యాంకు మూత తిప్పండి. 'స్స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న గాలి రంధ్రం పూడిపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యం పెరిగి పంపుతో పోటీ పడుతుంది. రెండు నిమిషాల్లో గాలి మెల్లగా దూరి సర్దుకుంటుంది. మీ లక్షణానికి ఇది అచ్చంగా సరిపోతుంది. సన్న తీగతో రంధ్రం తెరవండి, ఖర్చు సున్నా.

శబ్దం రాకపోతే పంపుకు వచ్చే పైపు విప్పి, పెట్రోలు తట్టుకునే రబ్బరు పైపుతో దానికి లీటరు డబ్బా ఒకటి కలపండి. డబ్బాను బోనెట్ కింద కదలకుండా, మేనిఫోల్డుకు దూరంగా కట్టి, పక్కన మనిషినీ పొడి మంటలార్పే సిలిండర్‌నూ పెట్టుకుని ఖాళీ రోడ్డు మీద నడపండి. లీటరు పెట్రోలుతో పన్నెండు కిలోమీటర్లే వస్తుంది కాబట్టి, మామూలుగా గుంజుకోవడం మొదలయ్యే చోటుకు కాస్త ముందు డబ్బా మీదికి మార్చుకోండి. గుంజుకోవడం పోయిందంటే ట్యాంకు, ట్యాంకులోని జాలీ, మధ్య పైపు వీటిల్లోనే లోపం. ఏళ్లు నిలబెట్టిన బండి ట్యాంకులో తుప్పు పొరలుగా రాలి జాలీ మీద కూర్చుంటుంది. బండి ఆగితే పీల్పు ఆగి, చెత్త జారి పడి, మళ్లీ దారి తెరుచుకుంటుంది. ట్యాంకు దింపి, కడిగి, ఆరబెట్టి, కొత్త జాలీ వేయించాలి. ఎంత ఖాళీగా ఉన్నా పెట్రోలు ట్యాంకుకు వెల్డింగ్ పెట్టనివ్వకండి, లోపలి ఆవిరికి నిప్పు రవ్వ చాలు.

ఇంకొకటి ఉంది, చాలామందికి కనపడనిది. ట్యాంకుకూ పంపుకూ మధ్య రబ్బరు ముక్కకు పగులు ఉంటే పెట్రోలు కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. పంపు గాజు గిన్నె కింద గ్యాస్కెట్ ఎండిపోయినా అంతే. ఇంజన్ నడుస్తుండగా గిన్నెలో బుడగలు వరుసగా వస్తుంటే గాలి పీలుస్తున్నట్టే. సన్నటి కాగితం ఫిల్టరును పంపుకు ముందు వేయకండి. అక్కడ ముతక జాలీ ఫిల్టరు చాలు, కాగితందాన్ని పంపుకూ కార్బొరేటర్‌కూ మధ్య పెట్టండి.

వారం నిలబెట్టాక పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితేగానీ అంటుకోదు. పంపు పోయిందా?
*- ఒక పాఠకుడు, కల్వకుర్తి*

వారం అంటే పోకపోయి ఉండొచ్చు. వేసవిలో కార్బొరేటర్ చాంబర్ నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. సెల్ఫ్ బదులు చేతి లీవరును ఇరవై ముప్పైసార్లు కొట్టి, చోక్ లాగి చూడండి. ఒక్క రాత్రికే ఇలా అవుతుంటే మాత్రం పంపు వాల్వులు పట్టు వదిలాయి. పంపు విప్పి లోపలికి వచ్చే మూతి మీద వేలు నొక్కి లీవరు కొట్టండి. పీల్పు పది పదిహేను సెకన్లు వేలిని పట్టి ఉంచాలి. బయటి మూతి దగ్గర ఒత్తిడి కూడా అలాగే నిలవాలి.

కార్బొరేటర్ గొంతులో సీసాతో పెట్రోలు పోసి స్టార్ట్ చేసే అలవాటు ఉంటే ఈరోజే మానండి. ఒక్క ఎదురు మంట వస్తే సీసా చేతిలోనే అంటుకుంటుంది. పైపు నోట్లో పెట్టి పీల్చడమూ అంతే, ఊపిరితిత్తుల్లోకి నాలుగు చుక్కలు పోయినా ఆస్పత్రి పాలవుతారు.

డిప్‌స్టిక్ మీద ఇంజన్ ఆయిల్ పెరిగినట్టుంది, పెట్రోలు వాసన వస్తోంది. నడపొచ్చా?
*- ఒక పాఠకుడు, సూర్యాపేట*

వద్దు, స్టార్ట్ కూడా చేయొద్దు. పంపు డయాఫ్రం (లోపలి పల్చటి పొర) చిరిగి పెట్రోలు ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగుతుండొచ్చు. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడదు, లోపల చేరిన ఆవిరి పేలొచ్చు. ఇక్కడ మాత్రం నింద పంపుదే. అయితే కార్బొరేటర్ నీడిల్ వాల్వ్ (చాంబర్ నిండగానే పెట్రోలును ఆపేది) కారినా, చోక్ మూసుకుని ఉండిపోయినా కొంత పెట్రోలు సిలిండర్ల మీదుగా దిగుతుంది, ఆ రెండూ చూసుకోండి.

పాత పంపు బాడీ బాగుంటే కిట్ వేయించండి. డయాఫ్రం, రెండు వాల్వులు, గ్యాస్కెట్లు వస్తాయి. నల్లగొండలో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడగండి. విప్పే ముందు పై భాగానికీ కింది భాగానికీ అడ్డంగా ఆకురాయితో ఒక గీత గీయాలి, లేకపోతే పైపు మూతులు తప్పు దిక్కుకు తిరుగుతాయి. బిగించేటప్పుడు స్క్రూలు వేలితో పెట్టి, పంపు చేయిని చివరి దాకా నొక్కి పట్టుకుని, ఎదురెదురు స్క్రూలు కొద్దికొద్దిగా బిగించాలి. నొక్కకుండా బిగిస్తే డయాఫ్రం బిగుతుగా ఉండిపోయి మొదటి వంద కిలోమీటర్లలోనే చిరుగుతుంది. బ్లాకులో పెట్టేటప్పుడు చేయి కామ్ మీద సరిగ్గా ఆనాలి. పంపును చేత్తో అదిమితే స్ప్రింగు ఎదురుతన్నాలి. నట్లు బిగిస్తూ పంపును బలవంతంగా లోపలికి లాగొద్దు. ఆఖరున ఆయిల్, ఆయిల్ ఫిల్టరు రెండూ మార్చాలి.

ఏసీ పంపు తీసేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టుకుంటే ఈ గొడవలన్నీ పోతాయా?
*- ఒక పాఠకుడు, జడ్చర్ల*

ఆవిరి గొడవ చాలావరకు పోతుంది, కొత్త గొడవలు వస్తాయి. పెడితే 2 నుంచి 3 పీఎస్ఐ ఒత్తిడి ఇచ్చే కార్బొరేటర్ పంపే పెట్టాలి. ఇంజెక్షన్ కార్ల పంపు 40 పీఎస్ఐ, అంతకంటే ఎక్కువతో కూడా తోస్తుంది, నీడిల్ వాల్వ్ దాని ముందు నిలవదు, పెట్రోలు ఇంజన్ మీద కారుతుంది. పంపు బండి వెనక భాగంలో, ట్యాంకుకు దగ్గరగా, వీలైనంత కింద ఉండాలి. ఈ పంపులు తోయడంలో గట్టివి, పీల్చడంలో కాదు. రిలే, ఫ్యూజు తప్పనిసరి. ఆయిల్ ప్రెషర్ పడిపోతే పంపు ఆగేలా స్విచ్ కూడా కలపాలి. లేకపోతే యాక్సిడెంట్‌లో ఇంజన్ ఆగినా తాళం ఆన్‌లో ఉన్నంతసేపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. పాత పంపును మధ్యలో ఉంచొద్దు, దాని రంధ్రాన్ని పలకతో, గ్యాస్కెట్‌తో మూసేయండి. నన్నడిగితే పైపు దారి, వేడి అడ్డం సరిచేశాక కూడా ఆవిరి పడుతుంటేనే దీని జోలికి వెళ్లాలి.

ఇప్పుడు బంకుల్లో పోసే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు పాత బండికి పడుతుందా?
*- ఒక పాఠకురాలు, నల్లగొండ*

నడుస్తుంది, కానీ రబ్బరు మార్చాకే. పాతకాలపు రబ్బరు, బెండు గ్యాస్కెట్లు ఇథనాల్‌కు ఉబ్బుతాయి, మెత్తబడతాయి, తర్వాత పగులుతాయి. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకం, వీలైతే వైటన్ రబ్బరు లోపొర ఉన్నవి వేయించండి. పంపు కిట్ కొనేటప్పుడూ అదే అడగండి. ఇథనాల్ ట్యాంకులో పేరుకున్న పాత జిగురును కరిగించి తెస్తుంది కాబట్టి మొదట్లో ఫిల్టరు తరచూ చూస్తుండాలి. ఇంజన్‌లోకి వెళ్లే గాలి-పెట్రోలు మిశ్రమం కాస్త పలచనవుతుంది. ప్లగ్గులు తెల్లగా కాలుతూ, చల్లగా ఉన్నప్పుడు బండి తడబడుతుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. ఇథనాల్ తేమను పీలుస్తుంది, ఎక్కువైతే నీళ్లు విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. నెలల తరబడి నిలబెట్టే బండికి ట్యాంకు నిండుగా అయినా ఉండాలి, పూర్తిగా ఖాళీ అయినా చేయాలి.

సెల్ఫ్ కొడుతున్నంతసేపు అంటుకుంటుంది, తాళం వదలగానే ఆరిపోతుంది.
*- ఒక పాఠకుడు, గద్వాల*

పెట్రోలు కాదు, కరెంటు. తాళం 'ఆన్' స్థానంలో కాయిల్ ప్లస్ దగ్గర వోల్టు ఉందో లేదో టెస్టరుతో చూడండి. లేకపోతే తాళం స్విచ్‌లో ఆ కాంటాక్టు కాలిపోయి ఉండాలి, బ్యాలస్ట్ కాయిల్ బండి అయితే బ్యాలస్ట్ రెసిస్టర్ తెగి ఉండాలి. రెసిస్టర్‌ను వైరుతో దాటించి నడపకండి, కాయిల్ కాలిపోతుంది.

ఇంట్లో పాత మోరిస్ మైనర్ ఉంది. తాళం ఆన్ చేస్తే టక్ టక్ టక్ అని ఆగకుండా కొట్టుకుంటుంది, స్టార్ట్ కాదు.
*- ఒక పాఠకుడు, నారాయణపేట*

ఆ శబ్దం ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పెట్రోలు పంపుది. మామూలుగా చాంబర్ నిండే దాకా గబగబా కొట్టి ఆగిపోవాలి. ఆగకుండా కొడుతుంటే ట్యాంకు ఖాళీ, లేదా పంపుకు ముందు ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా కార్బొరేటర్ నీడిల్ మూసుకోక పొంగుతోంది. కార్బొరేటర్ కింద తడి ఉంటే వెంటనే తాళం తీయండి. అసలు శబ్దమే లేని రోజున పంపు చివరి నల్లమూత తీసి, లోపలి పాయింట్ల మధ్య గట్టి కాగితం ముక్క పెట్టి లాగండి, పంపు బాడీకి ఎర్త్ వైరు గట్టిగా ఉందో చూడండి. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచినప్పుడు అరనిమిషానికోసారి ఒక్క టక్ వినిపిస్తుంటే వాల్వు గానీ నీడిల్ గానీ మెల్లగా కారుతున్నాయి. మోరిస్ మైనర్ ప్లస్ ఎర్త్‌తో, అంటే బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపి వచ్చిన బండి. ఎవరైనా మార్చారేమో చూసుకుని మరీ బ్యాటరీ కలపండి.